దక్షిణం వైపు వాకిలి



గత వసంతంలో ఒక గురువారం రాత్రి ప్లెయిన్స్‌బరోలో మా గృహ కూడిక ముగిసింది. భోజనాలయ్యాయి. గిన్నెలు సర్దుతుంటే ఒక యువ దంపతులు ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. "అంకుల్, ఒక్క ఐదు నిమిషాలు మీతో మాట్లాడాలి" అన్నాడు ఆ తమ్ముడు.

వాళ్లు ఏడేళ్లుగా అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. నాలుగు ఇళ్లకు ఆఫర్లు పెట్టి నాలుగూ పోగొట్టుకున్నారు. ఐదోసారి ఒక టౌన్‌హౌస్ యజమాని ఒప్పుకున్నాడు. స్కూలు దగ్గర, ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్ దూరం కాదు, ధర వాళ్ల శక్తికి లోబడే ఉంది. సంతకాలు కూడా అయ్యాయి. మన న్యూజెర్సీలో సంతకాల తర్వాత అటార్నీ రివ్యూకు మూడు పనిదినాలు ఇస్తారని మీకు తెలుసు. ఆ మూడింటిలో ఒకటి అప్పటికే గడిచిపోయింది.

"మరి ఇబ్బందేమిటి?" అని అడిగాను.

"సౌత్ ఫేసింగ్ అంకుల్."

గుంటూరులో ఉన్న వాళ్లమ్మగారు వాట్సాప్‌లో ఇంటి ప్లాన్ చూశారట. ఆమె నలభై ఏళ్లుగా స్త్రీల సమాజంలో ప్రార్థన నడిపిస్తున్న విశ్వాసి. "నాకు వాస్తు మీద నమ్మకం లేదురా, కానీ తెలిసి తెలిసి దక్షిణం వాకిలి ఎందుకు?" అన్నారట. కోడలు మెల్లగా మరో మాట చెప్పింది. "మాకూ నమ్మకం లేదు అంకుల్. కానీ రేపు అమ్మాల్సి వస్తే మనవాళ్లెవరూ కొనరంటున్నారు."

నమ్మకం లేదు, కానీ. ఈ మాట మన ఇళ్లలో మీరూ విని ఉంటారు. ఆ "కానీ" తర్వాత వచ్చేది ఏమిటో ఈరోజు మీతో కలిసి ఆలోచించాలని ఉంది.

ముందుగా నా సంగతి

ఆ రాత్రి నేను వెంటనే జవాబు చెప్పలేదు. కారణం ఉంది. పద్దెనిమిదేళ్ల కిందట మేము ఇల్లు వెతికిన రోజుల్లో నా కారు తాళాలకు ఒక చిన్న దిక్సూచి వేలాడేది. ప్రతి ఇంటి గుమ్మం ముందూ దాన్ని ఎవరూ చూడకుండా ఒకసారి చూసుకునేవాణ్ణి. చివరికి తూర్పు వాకిలి ఇల్లు దొరికింది. మా ఆవిడతో "స్కూలు బస్సు ఇంటి ముందే ఆగుతుంది, అందుకే ఇది నచ్చింది" అన్నాను. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. గృహ ప్రతిష్ఠ కూడికలో సాక్ష్యం చెప్పినప్పుడు కూడా దిక్సూచి మాట ఎత్తలేదు.

ఆరేళ్ల తర్వాత మా ఆవిడకు పెద్ద జబ్బు చేసింది. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక ఒక విశ్వాసి చూడటానికి వచ్చారు. మంచి మనిషి, కన్నీళ్లతో ప్రార్థన చేశారు. వెళ్తూ వెళ్తూ ఇల్లంతా ఒకసారి కలియజూసి, "ఈశాన్యంలో బాత్రూం ఉన్నట్టుందే, ఎవరికైనా చూపించారా?" అన్నారు. ఆయన మర్చిపోయి ఉంటారు. మా ఆవిడ మర్చిపోలేదు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆమె ఆ బాత్రూం వాడలేదు. ఒక రాత్రి చీకట్లో, "ఈ ఇల్లు కొనకుండా ఉంటే నాకు ఇలా అయ్యేది కాదేమో కదా" అంది. దిక్కు చూసి ఇల్లు కొన్నది నేను. ఆ దిక్కుల బరువు మోసింది ఆమె.

దేవుని కృప వల్ల ఆమె కోలుకుంది. నా దిక్సూచి సంగతి ఆ రోజుల్లోనే ఆమె ముందు ఒప్పుకున్నాను. ఇప్పుడు మీ ముందూ ఒప్పుకుంటున్నాను.

వాస్తు ఏం చెబుతుంది?

ఒక విషయాన్ని కాదనే ముందు దాన్ని న్యాయంగా తెలుసుకోవాలి. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో రాసిన బృహత్సంహితలోనే ఇళ్ల గురించిన అధ్యాయం ఉంది. ఆ తర్వాత మయమతం, మానసారం లాంటి గ్రంథాలు వచ్చాయి. ఈశాన్యంలో నీళ్లు, పూజ, ఆగ్నేయంలో వంట, నైరుతిలో బరువు, ఇంటి పెద్దల పడకగది, వాయవ్యంలో అతిథులు, ధాన్యం, మధ్యలో ఖాళీ జాగా. వాకిలికి ఎదురుగా వీధి వచ్చి తగిలితే వీధిపోటు. ఇవన్నీ మనం చిన్నప్పటి నుంచి విన్నవే.

వీటిలో అనుభవం నేర్పిన తెలివి కూడా ఉంది. పదహారు, పదిహేడు డిగ్రీల అక్షాంశం మీద ఉన్న మన కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఉదయపు ఎండ హాయిగా ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండ మండిస్తుంది. తూర్పు, ఉత్తరాలు తెరిచి ఉంచి, పడమర, నైరుతి గోడలు దళసరిగా కట్టుకుంటే ఇల్లు చల్లగా ఉంటుంది. అలా కట్టుకున్నవాళ్లను మనం తప్పు పట్టనక్కర్లేదు. మన హిందూ స్నేహితులు దీన్ని భక్తితో పాటిస్తారు, వాళ్లను ఎగతాళి చేయడం మనకు తగదు.

చైనావాళ్ల ఫెంగ్ షుయ్ కూడా ఇలాంటిదే. ఆ మాటకు అర్థం గాలి, నీరు. గువో పు అనే పండితుడి (క్రీ.శ. 276–324) పేరిట చెప్పుకునే పాత గ్రంథం అసలు సమాధులకు తగిన చోటు ఎంచడం గురించినది. ప్రాణశక్తి గాలికి చెదిరిపోతుంది, నీటి దగ్గర నిలుస్తుంది అన్నది దాని మూలసూత్రం. చలిగాలి ఉత్తరం నుంచి వచ్చే దేశంలో వెనక కొండ, ముందు నీళ్లు, దక్షిణం వైపు వాకిలి మంచివన్నారు. బీజింగ్‌లోని రాజప్రాసాదం ముఖ్యద్వారం దక్షిణానికే ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. బీజింగ్ దాదాపు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన ప్లెయిన్స్‌బరో కూడా దాదాపు అక్కడే ఉంది. డిసెంబరు చివర్లో విజయవాడలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ప్లెయిన్స్‌బరోలో 26 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు, అదీ దక్షిణం వైపునే. మంచు కురిసిన మర్నాడు మీ వీధిలో చూడండి. దక్షిణం వాకిలి ఉన్న ఇళ్ల ముందు మెట్లు ముందుగా ఆరుతాయి. ఉత్తరం వాకిలి ఇళ్ల ముందు గడ్డకట్టిన మంచు రోజుల తరబడి ఉంటుంది. మనం మంచిదని వెతుక్కునే ఉత్తరం గుమ్మం ముందే ఉప్పు చల్లుకుంటూ, జారిపడకుండా నడవాల్సి వస్తుంది.

ఆ దంపతులు చూసిన టౌన్‌హౌస్‌కు పక్క ఇంట్లో ఒక చైనా కుటుంబం ఉంటుందట. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజున ఆ ఇంటి పెద్దావిడ, "మంచి ఇల్లు, దక్షిణం చూస్తోంది" అని సంతోషంగా చెప్పిందట. ఒకే వరుస ఇళ్లు, ఒకే దిక్కు. ఒక తల్లికి అది ఐశ్వర్యం, ఇంకో తల్లికి అది యముడి దిక్కు. ఇద్దరూ బిడ్డల మేలు కోరేవాళ్లే.

ఇల్లు, అందులో ఉండే మనిషి

"దిక్కులు అందరికీ ఒకటి కావు, మనిషిని బట్టి మారతాయి" అని కొందరు చెబుతారు. అదీ చూద్దాం.

మన పల్లెల్లో పేరుబలం చూస్తారు. పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి ఎనిమిది వర్గులు. అ వర్గుకు తూర్పు, చ వర్గుకు దక్షిణం, య వర్గుకు ఉత్తరం, ఇలా ఒక్కో వర్గుకు ఒక దిక్కు, ఒక జంతువు. తన వర్గు నుంచి ఐదోది శత్రువర్గు. చ వర్గుకు సింహం, య వర్గుకు ఏనుగు. ఆ రెండూ శత్రువులు. ఇప్పుడు మన సంఘంలోని ఒక సహోదరుణ్ణి తీసుకోండి. బాప్తిస్మపు పేరు యోహాను, పాస్‌పోర్టులో జాన్. రెండూ ఒకే పేరు. కానీ యోహానుకు ఉత్తరం మిత్రదిక్కు, దక్షిణం శత్రుదిక్కు. జాన్‌కు సరిగ్గా తలకిందులు. యోసేపు, జోసఫ్ సంగతీ అంతే. అదే మనిషి ఆదివారం ఉదయం గుడిలో ఏనుగు, సోమవారం ఆఫీసులో సింహం. ఈ ఇద్దరిలో ఎవరికి సరిపడే ఇల్లు కొనాలి?

ఫెంగ్ షుయ్‌లో పుట్టిన సంవత్సరాన్ని బట్టి క్వా సంఖ్య చూస్తారు. 1984 జూన్‌లో పుట్టిన భర్త అనుకోండి. చివరి రెండు అంకెలు కలిపితే 12, మళ్లీ కలిపితే 3, పదిలోంచి తీసేస్తే 7. అతనిది పడమటి గుంపు. 1986 జూన్‌లో పుట్టిన భార్యకు 8, 6 కలిపితే 14, మళ్లీ కలిపితే 5, దానికి 5 కలిపితే 10, అంటే 1. ఆమెది తూర్పు గుంపు. దక్షిణం ఆమెకు మేలు, అతనికి కీడు. ఈ లెక్క ప్రకారం ఆ ఇద్దరికీ కలిసివచ్చే దిక్కు ఒక్కటీ ఉండదు. ఒక్క శరీరంగా ఉండమని దేవుడు జతపరచిన ఇద్దరిని ఈ లెక్క వాకిలి దగ్గరే విడదీస్తోంది.

నేను ఈ లెక్కలు నవ్వుకోవడానికి చెప్పలేదు. ఇంటిని మనిషికి సరిపెట్టాలన్న కోరిక మంచిదే. ఆ లెక్కలు మన పేరు అడుగుతాయి, పుట్టినరోజు అడుగుతాయి. మన మోకాళ్ల నొప్పి గురించీ, ఇంట్లో ఉన్న పసిబిడ్డ గురించీ అడగవు.

భయం ఎవరి మీద పడుతుంది?

దిక్కుల నమ్మకంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది దాని లెక్కల తప్పు కాదు. కష్టం వచ్చినప్పుడు అది మనుషుల్ని చూసే తీరు. గర్భం పోయిన స్త్రీతో, భర్తను పోగొట్టుకున్న అక్కతో, ఉద్యోగం పోయి వీసా గడువు లెక్కపెట్టుకుంటున్న తమ్ముడితో అది, "మీ ఇంట్లోనే ఏదో లోపం ఉంది" అంటుంది. ఏడుస్తున్నవాళ్లను నేరస్థుల్ని చేస్తుంది.

యోబు గ్రంథం మొదటి అధ్యాయం చూడండి. అతని పిల్లలు పెద్దన్న ఇంట్లో ఉండగా ఎడారి వైపు నుంచి పెనుగాలి వచ్చి ఇంటి నాలుగు మూలలనూ కొట్టింది. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం, ఒక్క మూలనూ విడవలేదు. ఆ తర్వాత వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపూ మంచివాళ్లే. నోరు తెరిచి కారణం వెతకడం మొదలుపెట్టాకే వాళ్లు తప్పిపోయారు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి లూకా 13లో ఉంది. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకోవద్దని ప్రభువు చెప్పారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడూ (యోహాను 9) ఆయన ఆ లెక్కను ఒప్పుకోలేదు.

ఇంకొక మాట చెప్పాలి, ఇది మన ఇంటి మాట. మనలో చాలామంది తాత ముత్తాతల ఇళ్లు ఊరి బయట ఉండేవి. ఏ వైపున ఉండాలో వాళ్లను ఎవరూ అడగలేదు. కొన్ని చోట్లు శుభం, కొన్ని అశుభం; కొందరు మనుషులు శుభం, కొందరు అశుభం అని ఊరే తేల్చేసింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు కాలంలో మిషనరీ క్లౌ దొరగారి దగ్గర కాలువ తవ్వకం పనిలో కూలి చేసి బతికినవాళ్లు వారిలో ఎందరో ఉన్నారు. ఊరు వెలివేసిన దిక్కున ఉన్న గుడిసెల్లోకి దేవుడు వచ్చాడు, గుమ్మం ఎటు ఉందో చూడకుండా వచ్చాడు. ఆ ఇళ్లలోంచి బయలుదేరిన మనం, మూడు తరాల తర్వాత, లక్షల డాలర్ల ఇంటి ముందు నిలబడి "ఈ దిక్కు మనకు మంచిదేనా?" అని భయపడుతున్నాం. మన తాతమ్మ ఇది వింటే ఏమంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

బైబిల్లోనూ దిక్కులున్నాయి కదా?

మీలో వాక్యం బాగా చదివేవారు ఈ ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. ప్రత్యక్ష గుడారపు ద్వారం తూర్పుకే ఉంది. కొలతలు మూరలతో సహా ఉన్నాయి. దానియేలు యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ప్రార్థించాడు. చాలా పాత చర్చీల్లో బల్ల తూర్పు వైపున ఉంటుంది.

నిజమే. కానీ దానియేలు 6 చివరి వరకు చదవండి. ఆ కిటికీ దానియేలును సింహాల గుంట నుంచి తప్పించలేదు. ఆ కిటికీ దగ్గర ప్రార్థించినందుకే అతన్ని గుంటలో వేశారు. అయినా అతను దాన్ని మూయలేదు. తనకు మేలు రప్పించుకోవడానికి అతను ఆ దిక్కు ఎంచుకోలేదు, తన దేవుణ్ణి జ్ఞాపకం చేసుకోవడానికి ఎంచుకున్నాడు. ఇక యెహెజ్కేలు 8లో కొందరు సరిగ్గా తూర్పుకే తిరిగి నిలబడ్డారు, సూర్యుడికి మొక్కుతూ, మందిరానికి వీపు పెట్టి. దిక్కు సరిగ్గా ఉన్నా హృదయం తప్పిపోవచ్చు. సమరయ స్త్రీ ఈ కొండా, యెరూషలేమా అని అడిగినప్పుడు ప్రభువు ఆమెకు ఇచ్చిన జవాబు మీకు తెలుసు. ఆత్మతోనూ సత్యంతోనూ ఆరాధించేవాళ్లను తండ్రి వెతుకుతున్నాడు.

ఇల్లు కొనేవాళ్లకు వాక్యం చెప్పేది

మరి ఇంటి గురించి వాక్యంలో ఏమీ లేదా? ఉంది. ద్వితీయోపదేశకాండం 22:8లో కొత్త ఇల్లు కట్టేవాడికి ఒక ఆజ్ఞ ఉంది. మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తం ఆ ఇంటి మీదకు వస్తుంది. లేవీయకాండం 14లో ఇంటి గోడల మీద పచ్చగానో ఎర్రగానో చారలు కనబడితే ఏం చేయాలో ఉంది. సామాను బయట పెట్టించాలి, ఏడు రోజులు మూసి ఉంచాలి, ఆ రాళ్లు ఊడదీయాలి, గోడ గీకించాలి. నేడు మనం బేస్‌మెంట్లో బూజును చూసే పద్ధతికి అది ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

ఆ దంపతులకు నేను ఇదే చెప్పాను. ఇల్లు చూసేటప్పుడు మెట్ల కటకటాలు గట్టిగా ఉన్నాయా చూడండి. బేస్‌మెంట్ గోడలు తడిగా ఉన్నాయా, సంప్ పంపు పనిచేస్తోందా చూడండి. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను వాన న్యూజెర్సీని ముంచినప్పుడు నీళ్లు ఏ దిక్కు వాకిలి అని చూడలేదు, పల్లం ఎక్కడుందో చూశాయి. రేడాన్ పరీక్ష చేయించండి. నేలలోంచి ఇంట్లోకి వచ్చే ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. ఈ దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగాకు తర్వాత పెద్ద కారణం అదే. లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే సరిచేయించమంటారు. భయపడదగ్గ వాటికి భయపడి, చేయవలసినది చేయడం అవిశ్వాసం కాదు.

మనిషికి ఇల్లు సరిపెట్టడం చూడాలంటే రెండవ రాజులు 4కు వెళ్లండి. షూనేములోని ఆ ఇల్లాలు, దారిన వెళ్లే ఎలీషా కోసం మేడ మీద ఒక చిన్న గది కట్టించింది. అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం పెట్టించింది. అలసిన మనిషికి పడక, రాసుకునేవాడికి బల్ల, రాత్రి చదువుకునేవాడికి దీపం. ఆమె వచ్చే మనిషిని గమనించింది, అతనికి ఏం కావాలో ఆలోచించింది. అందుకే ఆ ఇద్దరినీ అడిగాను. ఊరి నుంచి అమ్మగారు వస్తే మెట్లెక్కకుండా పడుకోవడానికి కింద గది ఉందా? చలికాలంలో ఆమె ఇల్లు కదలకుండా ఎండకు కూర్చునే చోటుందా? కొత్తగా వచ్చి ఇల్లు దొరకని ఒక విద్యార్థికి వారం రోజులు చోటు ఇవ్వగలరా? గురువారం కూడికకు పదిహేను జతల చెప్పులు విడవడానికి స్థలముందా? వాళ్లిద్దరూ మొదటిసారి నవ్వారు.

రేపు అమ్మాలి కదా

చెల్లెమ్మ అడిగిన ప్రశ్న మిగిలింది. ఇది తేలికైనది కాదు. మన ప్రాంతంలో కొనేవాళ్లలో భారతీయులు చాలామంది. వాళ్లు దిక్కు చూస్తారు కాబట్టి ధర మారవచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకోవడం తప్పా?

కొరింథులో ఇలాంటి చిక్కే వచ్చింది. అంగడిలో అమ్మే మాంసం విగ్రహాలకు అర్పించిందేమో తెలియదు. పౌలు మొదటి పత్రిక పదో అధ్యాయంలో, అంగట్లో అమ్మేదాన్ని విచారణ చేయకుండా తినమన్నాడు, భూమి అంతా ప్రభువుదే. కానీ ఎవరైనా ఇది అర్పించిందని చెబితే అతని మనస్సాక్షి కోసం మానమన్నాడు. వస్తువులో ఏమీ లేదు, మనిషిలో ఉంది.

నాకు తోచింది చెబుతాను, మీరు వివేచించండి. ధర ఒక్కటే మీ సమస్య అయితే, రోడ్డు చప్పుడును లెక్కవేసినట్టే దాన్నీ లెక్కవేయండి, వీలైతే తక్కువకు కొనండి. తూర్పు వాకిలి ఇల్లు కొనడం పాపం కాదు. కానీ ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి. ఈ ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి నా మనసు మొదట ఎటు పరుగెత్తుతుంది? ప్రభువు పాదాల దగ్గరికా, గుమ్మం వైపుకా? గుమ్మం వైపుకే అయితే "రీసేల్" అన్నది నా దిక్సూచిలాంటిదే, అసలు సంగతిని కప్పిపుచ్చే మంచి మాట. ఇంకొకటి, సంఘంలో మన నోటి మాట. "సౌత్ ఫేసింగా, అయ్యో" అని మనం అన్న ప్రతిసారీ ఎవరో ఒక బలహీన విశ్వాసి గుండెలో ఒక భయం నాటుతున్నాం.

మత్తయి 7లో ప్రభువు చెప్పిన రెండు ఇళ్లకూ అదే వాన, అదే వరద, అదే గాలి. ఆయన మాట విన్నవాడి ఇంటి మీదా వాన పడింది. మంచి ఇంటికి తుఫాను రాదని ఆయన ఎక్కడా చెప్పలేదు. పునాది గురించి మాత్రం చెప్పారు.

గడప మీద బైబిలు

వాళ్లు ఆ ఇల్లు కొన్నారు. వేసవిలో గృహ ప్రతిష్ఠ జరిగింది. శరత్కాలంలో అమ్మగారు గుంటూరు నుంచి వచ్చారు. రెండు వారాల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు.

"అంకుల్, అమ్మ వచ్చిన మొదటి రాత్రే దక్షిణం గుమ్మం పైన షెల్ఫ్ కొట్టించి బైబిలు పెట్టమంది. పెట్టాను. అది కూడా వాస్తేనా అంకుల్?"

ఆ ప్రశ్న చాలా రోజులు నన్ను వదల్లేదు. మనం వెదురు మొక్కకు ఎర్ర రిబ్బన్ కట్టం, గుమ్మానికి గుమ్మడికాయ కట్టం. కానీ గుమ్మం మీద సిలువ స్టిక్కరు, గోడకు వాగ్దానపు క్యాలెండరు, ద్వారబంధానికి అభిషేక తైలం ఎందుకు పెడుతున్నామో ఎప్పుడైనా ఆలోచించామా? ఇశ్రాయేలీయులు నిబంధన మందసాన్ని యుద్ధానికి మోసుకెళ్లారు. అది ఉంటే చాలు, గెలుస్తాం అనుకున్నారు. ఓడిపోయారు, మందసమూ పోయింది (మొదటి సమూయేలు 4). దేవుని వస్తువునైనా రక్షరేకులా వాడుకుంటే అది మనల్ని కాపాడదు.

తమ్ముడికి బైబిలు తీసేయమని చెప్పలేదు. అమ్మగారి భయాన్ని నవ్వులపాలు చేయొద్దన్నాను. నలభై ఏళ్ల ప్రార్థనా జీవితంలో కూడా ఒక మూల భయం మిగిలి ఉండొచ్చు, నాలోనూ మిగిలింది. "ప్రతి రాత్రీ దాన్ని కిందికి దించి ఆమె చేతే ఒక అధ్యాయం చదివించు. చదివాక ఎక్కడ పెట్టాలో ఆమెనే పెట్టనీ" అన్నాను.

మొన్న జనవరిలో గురువారం కూడిక వాళ్లింట్లోనే జరిగింది. బయట మంచు. వాళ్ల మెట్లు మాత్రం ఆరి ఉన్నాయి. లోపల అమ్మగారు కింది గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు, శాలువా కప్పుకుని. గుమ్మం పైన షెల్ఫ్ ఖాళీగా ఉంది. బైబిలు ఆమె ఒడిలో ఉంది. ఆమెలో భయం పూర్తిగా పోయిందని నేను చెప్పలేను. ప్రార్థన అయ్యాక, "ఈ వాకిట్లో రోజూ మధ్యాహ్నం ఎండ బాగా వస్తుంది నాయనా" అన్నారు నాతో.

ప్రియులారా, మీ ఇంటి వాకిలి ఏ దిక్కుకు ఉన్నా, ఈ వారం దాన్ని ఎవరికోసం తెరుస్తారో ఆలోచించండి. ఆ వాకిలి దాటి మీ ఇంట్లోకి కష్టం వచ్చిన రోజున, దిక్కులన్నిటినీ చేసిన దేవుడు మీతో ఉన్నాడని ధైర్యం తెచ్చుకోండి. మరొకరి ఇంట్లో కష్టం చూసిన రోజున, దయచేసి మూలలు చూడకండి. వాళ్ల పక్కన కూర్చోండి.

ప్రభువు కృప మీ ఇళ్లన్నిటికీ తోడై ఉండును గాక. ఆమెన్.